నా డబ్బే కదమ్మా

"నా డబ్బుతో కొనుక్కున్నా కదమ్మా, నీకెందుకు?" అన్నాడు మావాడు. పద్నాలుగేళ్లు. స్కూల్ బ్యాగు అడుగున ఎనర్జీ డ్రింక్ ఖాళీ డబ్బాలు మూడు దొరికాయి, నలిపేసి, ఆటల బట్టల్లో చుట్టి. బ్యాగంతా దగ్గుమందు వాసన.

డబ్బా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో రాసే ఉంది, కెఫీన్ ఎక్కువ, పిల్లలకూ గర్భిణులకూ బాలింతలకూ మంచిది కాదని. 100 మిల్లీలీటర్లకు 32 మిల్లీగ్రాములు. అరలీటరు డబ్బా, అంటే 160. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. వీడు 48 కిలోలు. ఒక్క డబ్బాతోనే దాటిపోతోంది. రాత్రి ఒంటిగంటైనా నిద్ర పట్టట్లేదంటే ఫోన్ వల్లేనని ఇన్నాళ్లూ తిట్టాను.

ఇక్కడ ఇంగ్లండ్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు 2018 నుంచి పదహారేళ్ల లోపు వాళ్లకు ఇవి అమ్మట్లేదు. అది వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న నియమమే. నిషేధం తెస్తామని ప్రభుత్వం 2025 సెప్టెంబరులో చెప్పింది. మావాడు కొన్న చిన్న కొట్లో మాత్రం వయసెంతని అడగలేదట.

కానీ ఆ డబ్బు వేసింది నేను. సెకండరీ స్కూల్లో చేరిన కొత్తలో, పులిహోర బాక్సు మూత తీస్తే పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారని, ఇక బాక్సు వద్దన్నాడు. నేనూ ఒక్కసారి కూడా బతిమాలలేదు. నిజానికి హమ్మయ్య అనుకున్నాను, పొద్దున్నే ట్రైన్ పట్టుకోవాలి మరి. వారానికి పదిహేను పౌండ్లు కార్డులో వేయడం మొదలుపెట్టి, నీ డబ్బు, నీ ఇష్టం, లెక్క నువ్వే చూసుకో అన్నాను. మా నాన్న బస్సు చార్జీ పోగా మిగిలిన రూపాయికి కూడా లెక్క అడిగేవారు, నా పిల్లలకు ఆ బాధ వద్దనుకున్నాను.

పోయిన శనివారం కార్డు లాక్కున్నాను. సోమవారం పొద్దున నేనే తిరిగిచ్చాను, మధ్యాహ్నం ఆకలితో ఉంటాడేమోనని. "నువ్వు రోజుకు మూడు కాఫీలు తాగుతావుగా" అంటే, "పెద్దయ్యాక నువ్వూ తాగుదువుగాని" అన్నాను. అచ్చం మా అమ్మ నాతో అన్న మాటే.

పిల్లలు కార్డుతో ఏం కొంటున్నారో వారానికోసారైనా చూడండి అని చెబుదామనే రాయడం మొదలుపెట్టాను. చూశాక ఏం చేయాలో నాకే తెలియట్లేదు. గట్టిగా అడ్డుపడితే డబ్బాలు బ్యాగులో కూడా దొరక్కుండా పోతాయేమోనని భయం.

"రేపు నిమ్మకాయ పులిహోర చేస్తే తీసుకెళ్తావా?" అని ఇందాక అడిగాను. "చూస్తాలే" అన్నాడు. కార్డులో ఈ వారం డబ్బు ఇంకా వేయలేదు.