టెక్సాస్ దొడ్డిలో దూడల పని: నా అనుభవం

హ్యూస్టన్‌లో ఏటా మార్చిలో రోడియో, అంటే గుర్రాలతో, ఎద్దులతో జరిగే కౌబాయ్ పోటీల టైమ్‌కి మనవాళ్ళు కూడా టోపీ, బూట్లు వేసుకుని ఫోటోలు పెడుతుంటారు, తప్పేం లేదు, నేనూ పెట్టాను. కానీ ఇప్పుడు రాసేది అది కాదు. టెక్సాస్‌లోనే విక్టోరియా అనే ఊరి వైపు ఒక రాంచ్‌లో, అంటే పశువుల్ని పెంచే పెద్ద పొలంలో, వసంతకాలంలో దూడల పనికి వెళ్ళి, ఏమీ రాని స్థితి నుంచి మంద తోలడానికి నన్ను గుర్రం మీద రానిచ్చేదాకా ఎలా నెట్టుకొచ్చానో రాస్తున్నాను. ఆఫీసులో నాతో పనిచేసే అతని మామగారిది ఆ రాంచ్. దూడల పనికి ఇరుగుపొరుగు వాళ్ళంతా వస్తారు, డబ్బు మాటే ఉండదు, మధ్యాహ్నం భోజనం పెడతారు, రేపు వాళ్ళ దొడ్డిలో పని పడితే వీళ్ళు వెళ్తారు.

నాకు మొదట అప్పజెప్పింది గేట్లు. తెరిచి ఉన్న గేటు తెరిచే ఉంచాలి, మూసి ఉన్నది మూసెయ్యాలి, గొలుసు గాడిలో వేశాక ఒకసారి లాగి చూడాలి. ట్రక్కులో పక్క సీట్లో కూర్చున్నవాడే దిగి గేటు తియ్యాలి, ఎవరూ చెప్పరు, చెప్పించుకోకూడదు. ఒక్క గేటు సరిగా పడకపోతే రెండు మందలు కలిసిపోతాయి, ఆంబోతు పోకూడని పెయ్యల్లోకి పోతుంది, ఆ సంగతి తొమ్మిది నెలల తర్వాత గానీ పూర్తిగా తెలియదు. చుట్టుపక్కల మైళ్ళ కొద్దీ అడిగేవాళ్ళు లేనిచోట ఆ గొలుసు లాగి చూశావా లేదా అన్నది నీకొక్కడికే తెలుసు. నన్నడిగితే కౌబాయ్ విలువలు అని వీళ్ళు చెప్పుకునేదంతా అక్కడే మొదలవుతుంది.

ఇంకొకటి, ఎన్ని ఆవులున్నాయని అడక్కూడదు. మన ఊళ్ళో ఎన్నెకరాలండీ అని మొదటి పరిచయంలోనే అడిగేస్తాం, ఇక్కడ అది బ్యాంకులో ఎంతుందని అడిగినట్టు. నాకు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది.

తర్వాత దొడ్డిలో కాలినడకన పని. అరుపులు, ఈలలు ఉంటాయనుకుని వెళ్తే అందరూ నోరు మూసుకుని పనిచేస్తున్నారు. పశువు దగ్గర గొంతు లేపితే రాంచ్ యజమాని అయిన ఆ పెద్దాయన ఏమీ అనడు, అలా చూస్తాడంతే. ఆవుకి భుజమే హద్దు. భుజానికి వెనకగా నిలబడి ఒక్కడుగు దగ్గరికేస్తే ముందుకి కదులుతుంది, భుజం దాటి ముందుకొస్తే ఆగిపోతుంది, లేకపోతే వెనక్కి తిరుగుతుంది. అది కదిలిన క్షణమే మనం ఆగాలి, ఇంకో అడుగేశామా, బెదిరి కంచె మీదికి ఉరుకుతుంది. ఇది చదివితే రాదు, ఒంటికి పట్టాలి, నాకు చాలా రోజులే పట్టింది.

దూడల్ని ఇనప ష్యూట్‌లోకి, అంటే కదలకుండా పట్టే ఇరుకు దారిలోకి, పంపి టీకా, చెవికి ట్యాగు, కోడెదూడలకి విత్తులు తియ్యడం, చివర్లో వాత. పశువు ఎవరిదో చెప్పే ఆ వాత గుర్తు కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసులో రిజిస్టరై ఉంటుంది, టెక్సాస్‌లో పదేళ్ళకోసారి మళ్ళీ చేయించుకోవాలి, కిందటిసారి 2021లో జరిగింది. వెంట్రుకలు కాలిన కమురు వాసన స్నానం చేసినా పోదు.

ఇక్కడి ఆవుల్లో సగానికి మూపురం, వేలాడే గంగడోలు కనిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అమెరికన్ బ్రాహ్మన్ జాతి మన దేశం నుంచి వెళ్ళిన పశువుల రక్తమే, అందులో మన ఒంగోలు కూడా ఉంది, వీళ్ళు నెల్లూర్ అంటారు. ఎండకి, పిడుదులకి తట్టుకుంటుందని పెంచారు, 1924లోనే దీనికి హ్యూస్టన్‌లో సంఘం పెట్టుకున్నారు. ఆ దూడలు చివరికి ఎక్కడికి పోతాయో తెలిసే పనిచేశాను, అది మనసులో ఒక మూల ఉంటూనే ఉంది. మధ్యాహ్నం బ్రిస్కెట్, అంటే ఆవు రొమ్ము మాంసం, పెట్టారు, నేను బీఫ్ తినను, బీన్స్, బంగాళాదుంపల సలాడ్‌తో కానిచ్చాను. ఎందుకు తినవని ఒక్కరూ అడగలేదు. మన పెళ్ళిళ్ళలో ఈపాటికి పదిమంది ఆరా తీసేవాళ్ళు.

గుర్రం సంగతి వేరు. దానికి నీళ్ళు పెట్టి, జీను దింపి, వీపు తుడిచాకే మనం తినాలి. నేను రోజూ అలా చెయ్యడం పెద్దాయన చూస్తున్నాడని నాకు తెలీదు, ఒక సాయంత్రం "రేపు నాలుగున్నరకి రా, ఆ ముసలి గుర్రానికి జీను వెయ్యి" అన్నాడు. మంద తోలేటప్పుడు నీకిచ్చిన చోటు వదలకూడదు, ఇంకొకరి ముందునుంచి అడ్డంగా పోకూడదు, పక్కవాడి ఆవుని నువ్వు మళ్ళించడానికి ఎగబడకూడదు, నీ చోట సందు పడితే మందంతా అందులోంచే జారుకుంటుంది. తాడు మాత్రం నా చేతికివ్వలేదు. పశువుకి ఉచ్చు వేశాక జీను ముందుండే కొమ్ముకి తాడు చుట్టేటప్పుడు మధ్యలో బొటనవేలు ఇరుక్కుంటే తెగిపోతుంది. పెద్దాయన కుడిచేతి బొటనవేలు సగమే ఉంది, ఇంక నేను అడగలేదు.

2010లో వయోమింగ్ రాష్ట్రం పది కౌబాయ్ సూత్రాల్ని చట్టంగానే చేసింది, మాట ఇస్తే నిలబెట్టుకో, మొదలెట్టింది పూర్తిచెయ్యి, తక్కువ మాట్లాడు, ఇలాంటివి. మంచివే. కానీ వాటిని కాఫీ కప్పుల మీద అచ్చేయించుకునేవాళ్ళకంటే, మెక్సికన్ వాకెరోల (గుర్రం మీద పశువులు కాసేవాళ్ళు) దగ్గర ఈ పని నేర్చుకుని నెలజీతానికి వేల పశువుల్ని కాన్సస్ దాకా తోలిన పందొమ్మిదో శతాబ్దం నాటి కూలీలే, వాళ్ళలో నల్లవాళ్ళు కూడా చాలామంది, వాళ్ళే నాకు ఎక్కువ గుర్తొస్తారు. పెద్దాయన నోట ఆ పదింటిలో ఒక్కటీ నేను వినలేదు.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే కొత్త బూట్లతో మాత్రం వెళ్ళకండి, ముందు నెల్లాళ్ళు ఇంట్లో వేసుకుని తిరగండి. తోలు గ్లౌజులు తీసుకెళ్ళండి. ఏం చెయ్యాలో తెలియకపోతే కంచె పక్కన నిలబడి చూడండి, పిలిచినప్పుడు వెళ్ళండి, వాళ్ళే పిలుస్తారు.