ఐదు బిందువులకు 70 గంటలెందుకు?

ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తకు ఆక్యుపంక్చర్ మొత్తం నేర్పాలని చూస్తే అది అయ్యే పని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల ప్రకారం వైద్యులు కానివారికి పూర్తి శిక్షణంటే 2,500 గంటలు. కాబట్టి ఒకే పనికి పరిమితమైన పద్ధతి ఎంచుకోవాలి. వాటిలో గట్టిగా నిలబడింది న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో పుట్టిన చెవి సూదుల పద్ధతి. 1970లో ప్యూర్టోరికన్ల, నల్లజాతీయుల హక్కుల కోసం నిలబడ్డ యంగ్ లార్డ్స్, బ్లాక్ పాంథర్స్ కార్యకర్తల పోరాటంతో లింకన్ ఆసుపత్రిలో మత్తు మాన్పించే కేంద్రం తెరుచుకుంది. డాక్టర్ మైకేల్ స్మిత్ ఉన్న కాలంలో అక్కడ చెవికి ఐదు బిందువుల పద్ధతి స్థిరపడింది. 1985లో 'నాడా' (నేషనల్ ఆక్యుపంక్చర్ డిటాక్సిఫికేషన్ అసోసియేషన్) అనే అమెరికా సంస్థ దీన్ని నేర్పడం మొదలుపెట్టింది. 70 గంటల శిక్షణలో 30 గంటలు పాఠం, 40 గంటలు పర్యవేక్షణలో సూది పట్టడం.

బిందువులు గుర్తుపట్టడం రెండు రోజుల పని. ఐదింటిలో షెన్‌మెన్ అనేది చెవి పైభాగంలోని త్రికోణపు గుంటలో ఉంటుంది. సింపథెటిక్ అనే బిందువు ఆ గుంట కింది గట్టు ముందుకొచ్చి చెవి అంచు మడత కింద దూరే చోట ఉంటుంది. మూత్రపిండం, కాలేయం అని పేరున్న బిందువులు చెవి లోపలి గిన్నె పై సగంలో, ఊపిరితిత్తి కింది సగంలో. మిగతా కాలమంతా శుభ్రంగా, జాగ్రత్తగా సూది పెట్టే అలవాటుకే పోతుంది, పోవాలి కూడా.

సూది 0.20 నుంచి 0.25 మి.మీ. మందం, 7 నుంచి 15 మి.మీ. పొడవు, ఒక్కసారి వాడి పారేసేది. స్పిరిట్ దూదితో తుడిచాక తడి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకముందే గుచ్చితే చురుక్కుమంటుంది, ఆ మనిషి మళ్లీ రాడు. పిడినే పట్టుకోవాలి, ములుకు వేలికి తగలకూడదు. చెవి పలుచన కాబట్టి సూది నిలిచేంత లోతు చాలు, అవతలికి దిగకూడదు. 30 నుంచి 45 నిమిషాలు ఉంచాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు లెక్క తప్పడం. రెండు చెవులకూ కలిపి పది సూదులు. కూర్చున్నంతసేపట్లో ఒకటో రెండో రాలతాయి. జుట్టులో, కొంగులో, చాపలో ఇరుక్కుంటాయి. మాటీలు, చెవి పైభాగపు నగలు ముందే తీయించకపోతే రాలిన సూది వాటి అడుగున దాగిపోతుంది. పెట్టినవెన్నో, తీసినవెన్నో పుస్తకంలో రాసి, తేడా ఉంటే నేల వెతికేవరకు ఎవరినీ లేవనీయకూడదు. సూదికి మూత తిరిగి పెట్టొద్దు. గుచ్చుకోని గట్టి డబ్బాలో వేసి, ముప్పావు నిండగానే మూసెయ్యాలి. కార్యకర్తకు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ శిక్షణ మొదలయ్యేనాటికే వేయించి ఉండాలి.

కళ్లు తిరగడం రెండో ఇబ్బంది. పొద్దున్నే ఏమీ తినకుండా కూలికి వెళ్లొచ్చిన వాళ్లకు ఎక్కువ. ముందుగా ఏం తిన్నారో అడగాలి. చెమటపట్టి మొహం పాలిపోతే సూదులన్నీ తీసి, పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టాలి. తేరుకున్నాకే తాగడానికి తియ్యటిదేమైనా ఇవ్వాలి. రెండు మూడు రోజులకు చెవి ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే నొప్పెడితే అది మృదులాస్థి పొరకు పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు. పసుపు రాసి ఆగకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి, ఆలస్యమైతే చెవి ఆకారమే పోతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లను, చెవిపై పుండున్నవాళ్లను, గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లను కార్యకర్త సొంతంగా తీసుకోకూడదు.

ఈ సూదులు మత్తు మాన్పించే మందు కావు. 2002లో అచ్చయిన అమెరికా పరిశోధనలో, 620 మంది కొకైన్ వాడేవాళ్లలో, వేరే చోట గుచ్చిన సూదులకన్నా, విశ్రాంతి చికిత్సకన్నా ఇవి మెరుగని తేలలేదు. నలుగురితో కలిసి నిశ్శబ్దంగా కూర్చోవడం, ఆందోళన తగ్గినట్టుండటం, రేపు మళ్లీ రావాలనిపించడం, ఇవే దీనికున్న విలువ. నాకు అవి చిన్నవిగా అనిపించవు. కానీ మందుల స్థానంలో దీన్ని పెడితే ప్రాణాలు పోతాయి. తెలంగాణ పల్లెల్లో ఇది మరీ ముఖ్యం: అల్ప్రజోలం, డయాజిపాం కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు వస్తాయి. రోజూ ఎక్కువగా సారా తాగేవాళ్లకూ అంతే, రెండు మూడు రోజుల్లో వణుకు, లేనిది కనిపించడం, ఫిట్స్. అలాంటి మనిషి చెవికి సూది తాకించకుండా 108కి ఫోన్ చెయ్యాలి. వచ్చినవాళ్లకు కార్యకర్త చెప్పాల్సినవి మూడు: చివరిసారి ఎప్పుడు తాగారు, రోజుకు ఎంత, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా.