తీర్పు చెప్పని పెద్దరికం

విశాఖపట్నం పెదజాలారిపేటలో వలల మీద తగవు వస్తే ఒకప్పుడు మా తాత దగ్గరికి వచ్చేవారు. రెండు పక్షాలూ గుడి అరుగు కింద ఇసుకలో కూర్చునేవి. ఎవరి వల ఎవరి వల మీద పడింది, ఎవరి తాడు తెగింది అన్నది తాత ఓపికగా వినేవాడు. విన్నాక తువ్వాలు భుజం మీద సర్దుకుని ఒక మాట చెప్పేవాడు. తప్పు చేసినవాడు దండుగ కట్టేవాడు. మరునాడు తెల్లవారుజామున ఇద్దరూ ఒకే ఒడ్డు నుంచి పడవలు నెట్టుకుని వెళ్లేవారు.

ఆ ఇంట్లో పుట్టిన నేను పన్నెండేళ్లుగా అమెరికాలో, మసాచుసెట్స్‌లో, బహిరంగ వివాదాల మధ్యవర్తిగా పనిచేస్తున్నాను. ఒక ఊరికి, ఒక కంపెనీకి, ఒక ప్రభుత్వ శాఖకు మధ్య పేచీ వస్తే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం నా ఉద్యోగం. ఈ సంగతి మొదటిసారి ఫోనులో చెప్పినప్పుడు నాన్న సంబరపడ్డాడు.

"అయితే తాత పనే చేస్తున్నావన్నమాట."

"కాదు నాన్నా. నేను తీర్పు చెప్పను."

"తీర్పు చెప్పనివాళ్లను ఎందుకు పిలుస్తారమ్మా?"

ఆ ప్రశ్నకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు చెప్పాను. నాన్నకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ వృత్తికి రూపం ఇచ్చినవాళ్లలో లారెన్స్ సస్కైండ్ ఒకరు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ల దగ్గర నేను చదువుకున్నాను. ఆయన లాయరు కాదు, నగర ప్రణాళిక చదివినవాడు. 1971లో ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి దశాబ్దాల పాటు అక్కడే పాఠాలు చెప్పారు. నగర ప్రణాళిక అంటే కాగితం మీద గీతలు గీయడం అనుకుంటాం. కానీ గీత ఎక్కడ గీసినా దానికి అటూ ఇటూ మనుషులుంటారు. చెత్త వేసే స్థలం ఊరికి కావాలి, మన వీధి చివర మాత్రం వద్దు. అధికారులు ముందే నిర్ణయించేసి, ప్రకటించి, ఆ తర్వాత దాన్ని సమర్థించుకునే పనిలో పడతారు. జనం కోర్టుకు వెళతారు, ఏళ్లు గడిచిపోతాయి. నిర్ణయం జరగకముందే సంబంధం ఉన్న వాళ్లందరినీ ఒకచోట చేర్చి, ఏ పక్షానికీ చెందని మనిషిని మధ్యలో పెడితే ఏమవుతుంది? సస్కైండ్ తన చదువంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిపారు. 1983లో హార్వర్డ్ లా స్కూల్ కేంద్రంగా సంప్రదింపుల అధ్యయన కార్యక్రమం మొదలైనప్పుడు దాన్ని స్థాపించినవాళ్లలో ఆయన ఉన్నారు. 1993లో నేరుగా తగవుల్లోకి దిగి పనిచేయడానికి కన్సెన్సస్ బిల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థను పెట్టారు. తరగతిలో చెప్పినదాన్ని జనం మధ్య పరీక్షించి, అక్కడ తేలినదాన్ని మళ్లీ తరగతికి తెచ్చే ఈ పద్ధతి వల్లే నాకు ఆయనంటే గౌరవం.

ఈ విద్య నేర్చుకునే విద్యార్థుల చేత హార్బర్‌కో అనే అభ్యాసం చేయిస్తారు. తలా ఒక పాత్ర తీసుకుని బేరమాడాలి. ఒక ఊహా తీరంలో పెద్ద ఓడల రేవు కట్టాలి. బల్ల చుట్టూ ఆరుగురు కూర్చుంటారు: రేవు కట్టే కంపెనీ, పర్యావరణ సంఘం, కార్మిక సంఘం, ఇతర రేవులు, కేంద్ర ప్రభుత్వ శాఖ, రాష్ట్ర గవర్నరు. ఏ అంశం తమకు ఎంత ముఖ్యమో ఒక్కొక్కరి చేతిలోని రహస్య కాగితంలో ఉంటుంది. నాకు కంపెనీ కుర్చీ వచ్చింది. 1933లో రేవు తెరిచిన ఊరి పిల్లను, చిన్నప్పటి నుంచీ ఓడల కూతలు వింటూ పెరిగినదాన్ని, ఆ కుర్చీలో కూర్చోగానే నాకు చెమటలు పట్టాయి. అభ్యాసం ముగిశాక లేచి అడిగాను: "చేపలు పట్టేవాళ్లకు విడిగా కుర్చీ ఏది?" మా పంతులమ్మ చిన్నగా తల ఊపి, ఈ వృత్తిలో మొదటి పని అదేనని చెప్పారు. తగవు అంటుకోగానే అందరినీ గదిలోకి పిలవకూడదు. ముందు ఊరంతా తిరిగి, ఒక్కొక్కరినీ విడిగా కలిసి, ఇంకా ఎవరిని అడగాలో వాళ్లనే అడిగి తెలుసుకోవాలి. కుర్చీ దక్కనివాళ్లే చివర్లో వచ్చి బల్ల తిరగేస్తారు. వాళ్ల తప్పేమీ ఉండదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని నోట్సు రాయడం. ఏం మాట్లాడారో రాయాలి, ఎవరు మాట్లాడారో రాయకూడదు. పేరు పక్కన పడితే మరుసటి సమావేశంలో మనిషి నోరు విప్పడు. డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది. రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి చిన్న చిన్న ఊళ్ల సమావేశ మందిరాల్లో కుర్చీలు సర్దేదాన్ని. నా యాస విని "మా సముద్రం గురించి నీకేం తెలుసు?" అని అడిగినవాళ్లు ఉన్నారు. అది అడగవలసిన ప్రశ్నే. తెలియదు, చెప్పండి, రాసుకుంటాను అనేదాన్ని.

ఒక రేవు ఊళ్లో సముద్రంలో బోనులు దింపి, పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టేవాళ్లకు, సముద్రగర్భంలో విద్యుత్తు కేబులు వేసే కంపెనీకి మధ్య పేచీ వచ్చింది. కంపెనీ తెచ్చిన సముద్ర పటంలో కేబులు దారి అంతా తెల్లగా, ఖాళీగా ఉంది. ఉపగ్రహ పరికరాలున్న పెద్ద పడవల లెక్కలతో వేసిన పటం అది. చిన్న పడవల్లో ఆ పరికరం లేదు కాబట్టి పటం మీద వాళ్లూ లేరు. "మీరు బోనులు దింపే చోటు గుర్తుపెట్టండి" అని రంగు పెన్సిళ్లు బల్ల మీద పెట్టాం. ఒక్కరూ ముట్టుకోలేదు. సహకరించడం లేదని కంపెనీ ఇంజనీరు విసుక్కున్నాడు.

నాకు మాత్రం నాన్న గుర్తొచ్చాడు. డాల్ఫిన్ నోస్ కొండను, వెనక సింహాచలం కొండల వరుసలో ఒకానొక మలుపును కలిపి చూసి వల వేసే చోటు పట్టుకుంటాడు నాన్న. ఆ మలుపు ఏదో సొంత బావమరిదికి కూడా చెప్పలేదు. చెబితే మరునాటికి అక్కడ పది పడవలుంటాయి. ఈ మనుషులు పెన్సిలు ముట్టుకోకపోవడానికి కారణం మొండితనం కాదు, పక్క కుర్చీలో ఉన్న సాటివాడే. విరామంలో మా బృందం పెద్దావిడకు ఈ సంగతి చెప్పాను. ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఒక్కొక్కరూ విడిగా ఒక గదిలో, పేరు లేని పలచటి కాగితం మీద గుర్తులు పెట్టారు. రెండు పక్షాలూ ఒప్పుకున్న ఒక విశ్వవిద్యాలయ పరిశోధకురాలు అన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే పటం గీసింది. ఎవరి చోటు ఏదో తెలియదు, అందరి చోటూ కనిపిస్తుంది. తెల్లగా ఉన్న సముద్రం నిండిపోయింది. ఇంజనీరు ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. కేబులు దారి మార్చడానికి మరో ఏడు నెలలు పట్టింది గానీ, పటం తప్పని ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

ఉమ్మడిగా నిజం తేల్చుకోవడం అన్నది సస్కైండ్ చెప్పినవాటిలో నాకు అన్నింటికన్నా విలువైనది. నీ నిపుణుడు, నా నిపుణుడు అని కొట్టుకోవడం కాకుండా ఏ ప్రశ్న అడగాలో, ఎవరిని అడగాలో కలిసి తేల్చుకోవాలి. ఆ తీరంలోనే దీనికి రెండు ఉదాహరణలున్నాయి. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ దగ్గర సముద్రంలో 130 గాలిమరల ప్రతిపాదన 2001లో వచ్చింది. ముందు చోటు ఎంచుకుని తర్వాత జనాన్ని ఒప్పించబోయారు. పదహారేళ్లు వివాదాల్లో నలిగి 2017లో ఆగిపోయింది. పక్కనున్న రోడ్ ఐలండ్ రాష్ట్రం జాలర్లతో, శాస్త్రవేత్తలతో కూర్చుని ముందు సముద్రం పటం గీసుకుంది, చోటు తర్వాత చూసుకుంది. అక్కడ బ్లాక్ ఐలండ్ పక్కన 2016లో 5 గాలిమరలు తిరగడం మొదలుపెట్టాయి. అమెరికా సముద్రంలో వ్యాపార స్థాయిలో మొదటివి అవే. ఒకటి ఆగి ఒకటి నిలవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, కాదనను. కానీ ఏది ముందు చేశారన్నది చిన్న సంగతి కాదు.

నాన్న అంతా విని ఒక్కటే అడిగాడు. "నీకు జీతం ఎవరిస్తారు?"

ఈ వృత్తిలో ఇంతకన్నా కష్టమైన ప్రశ్న లేదు. చాలాసార్లు డబ్బు ప్రభుత్వానిదో కంపెనీదో అవుతుంది. అందుకే డబ్బు ఎవరిదైనా, ఏ పక్షం వద్దన్నా నేను తప్పుకోవాలని ఒప్పందంలో మొదటే రాసుకుంటాం. నాన్న కాసేపు ఆలోచించాడు. "మీ తాతను వద్దనే హక్కు ఎవరికీ ఉండేది కాదు" అన్నాడు.

2022 జనవరిలో, చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల మీద తగవు ముదిరి మా విశాఖ తీరంలోనే పడవలు తగలబడ్డాయి. ఆ వార్త నేను బోస్టన్‌లో, మంచు పడుతున్న రాత్రి, ఫోనులో చూశాను. ఒడ్డుకు దగ్గరలో రింగు వల వేస్తే పిల్ల చేపలు కూడా తుడిచిపెట్టుకుపోతాయని సంప్రదాయ వలలవాళ్లు అంటారు. అప్పు చేసి కొన్న వల ఎక్కడ వేసుకోవాలని రింగు వలలవాళ్లు అడుగుతారు. ఇద్దరూ చుట్టాలే. 2023లో మన దేశంలోనూ మధ్యవర్తిత్వ చట్టం చేశారు. ఒక ప్రాంతపు ప్రశాంతతను చెడగొట్టే తగవులను ముగ్గురు మధ్యవర్తుల ద్వారా తీర్చుకునే వీలు అందులో రాశారు. నాన్న అది విని, ఆ ముగ్గురూ ముందు వల కన్ను ఎంతుందో కొలవాలన్నాడు. చూపుడువేలు కణుపు దాకా చూపించి "ఇది దూరితే మంచి వల" అన్నాడు. అవతలివాళ్లు చెప్పే కొలత వేరేగా ఉంటుంది కదా అన్నాను. అందుకే ఇద్దరి ముందూ కొలవాలన్నాడు.

అమ్మ అంతసేపూ గుమ్మం దగ్గర కూర్చుని కవ్వళ్ల చేపలు శుభ్రం చేస్తోంది. ముప్పై ఏళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని వాడవాడలా చేపలు అమ్మిన మనిషి.

"వేలు ఎందుకు? నన్ను అడగండి" అంది. "నా పెళ్లయిన కొత్తలో కుప్పకు పన్నెండు కవ్వళ్లు పెడితే సరిపోయేవి. తర్వాత పద్ధెనిమిది. ఇప్పుడు ఇరవై ఐదు పెట్టినా 'ఇంత చిన్నవా' అంటున్నారు. ఏ పడవ తట్టలో ఏ సైజు వస్తుందో ఒడ్డున వేలంపాట పాడుకునే మా అందరికీ తెలుసు."

నాన్న, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పడవలు తగలబడ్డాక జరిగిన మాటల్లో చేపలు అమ్మే ఆడవాళ్లను పిలిచారా అని అడిగాను.

"నన్నెవరూ పిలవలేదు" అంది అమ్మ. చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "పుస్తకం తెచ్చుకో. ఏ సంవత్సరం నుంచి చెప్పమంటావు?"