బొగ్గు గూడ్సుకు ఎదురుగా సోంపేట దాకా

విజయనగరంలో పలాస పాసింజరు ఎక్కేటప్పుడు, థర్మల్ విద్యుత్ కేంద్రాలను వద్దన్న సోంపేట, కాకరాపల్లి నేలలు ఇప్పుడెలా ఉన్నాయో చూసి రావాలన్నదే నా ఉద్దేశం. గరివిడి దాటుతుంటే ఫెర్రో అల్లాయిస్ పరిశ్రమ గుర్తుకు వచ్చింది. ఖనిజాన్ని విద్యుత్ కొలిమిలో కరిగించే ఆ పనికి రాత్రీ పగలూ కరెంటు కావాలి; సూర్యుడు అస్తమించాడని కొలిమిని చల్లార్చడం కుదరదు.

పొందూరులో వెనుక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి మా బండిని ఆపారు. అదే సమయంలో ఎదురు లైనులో బొగ్గు నింపుకున్న గూడ్సు ఒకటి విశాఖ వైపు సాగిపోయింది. ఒడిశాలోని తాల్చేరు గనుల బొగ్గు పరవాడ వద్ద ఉన్న సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి వెళ్ళేది ఈ దారినే. అటువంటి ఒక్కో బండిలో సుమారు 4 వేల టన్నులు పడుతుంది. 2,000 మెగావాట్ల సింహాద్రి పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు దాదాపు 30 వేల టన్నులు కావాలి. అందులో మూడో వంతుకు పైగా చివరికి బూడిదగా మిగులుతుంది. రైల్వేకు సరకు రవాణా మీద వచ్చే ఆదాయంలో దాదాపు సగం బొగ్గుదే కాగా, ఆ రాబడితోనే పాసింజరు చార్జీల నష్టాన్ని పూడ్చుకుంటున్నారు. అంటే నా జేబులోని చౌక టిక్కెట్టుకు కూడా కొంత మూల్యం బొగ్గే చెల్లించింది. బొగ్గును మానుకోవడమంటే పొగగొట్టాలను మూయడమేనని తేలికగా మాట్లాడేవారు తాల్చేరు కార్మికుడితో పాటు ఈ టిక్కెట్టునూ లెక్కలో వేసుకోవాలి.

పలాసలో దిగి, జీడితోటల మధ్యగా బస్సులో సోంపేట చేరాను. ఊరి వెలుపల బీల కనిపించగానే, దీన్ని పనికిరాని భూమిగా కాగితాల మీద ఎలా రాయగలిగారో నాకు అంతుపట్టలేదు. కొండల నుంచి దిగిన వాననీరు నిలిచే చిత్తడి నేల అది. చుట్టూ వరి, లోపల తుంగ, చేపలు, అంచుల్లో పశువుల మేత. ఇక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు కేంద్రం కట్టాలని ఒక ప్రైవేటు సంస్థ తలపెట్టగా, రైతులు, మత్స్యకారులు కలిసి ఎదురు నిలిచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఈ పోరాటంలో ప్రజల పక్షాన వాదించిన ఇ.ఎ.ఎస్. శర్మ గారు ఒకప్పుడు కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసినవారు కావడం విశేషం.

గట్టు మీద గేదెలు కాస్తున్న ఒక పెద్దాయనను, మీరు కరెంటునే వద్దన్నారని బయట అనుకుంటారని కదిపాను. "కరెంటొద్దని ఎవులన్నారు బాబూ? బీల మీద వద్దన్నాం, అంతే," అని ఆయన గేదెలను మళ్ళించుకొని వెళ్ళిపోయాడు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గును క్రమంగా తొలగించాలా, లేక తగ్గించాలా అని దేశాలు తర్జనభర్జన పడిన దానికి పదకొండేళ్ళ ముందే ఇక్కడ ఒక ప్రాజెక్టు ఆగింది. దానిని ఆపింది వాతావరణ చర్చ కాదు, బతుకుతెరువు.

ఆ సాయంత్రం నాకు ఆతిథ్యమిచ్చిన మిత్రుని ఇంటి మీద 3 కిలోవాట్ల సౌర పలకలున్నాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రూ. 78 వేల రాయితీ వచ్చింది. ఆయన సంతోషంగానే ఉన్నాడు కానీ, ఆయన తల్లి మాత్రం, "లైను కరెంటు పోతే మన కరెంటూ పోతాది, ఇదేం సోలారు నాయనా" అని నిలదీశారు. ఆమె ప్రశ్న న్యాయమైనదే. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు ప్రమాదం జరగకుండా, గ్రిడ్డుతో కలిపిన ఇన్వర్టరు లైను ఆగగానే తానూ ఆగిపోతుంది. ఆగకూడదనుకుంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు వేరుగా కొనుక్కోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను, కరెంటు స్తంభాలను కలిపి నేలకూల్చిన ప్రాంతంలో ఇది పుస్తకాల్లోని సందేహం కాదు.

తిరుగు ప్రయాణంలో నౌపడా ఉప్పుమడుల మీదుగా కాకరాపల్లి తంపర చూశాను; బీలలాగే ఇదీ చిత్తడి నేలే. ఇక్కడ కాల్పులు 2011 ఫిబ్రవరి 28న జరిగాయి. థర్మల్ పని తరువాత సగంలో నిలిచిపోయింది. దగ్గరలోని తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కాపురం పెట్టుకొని ఉన్నాయి. వాటిని చూడడానికి వచ్చిన బడిపిల్లల కేకల ముందు పక్షుల గోల ఏపాటిది!

మన దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో బొగ్గు, చమురు, వాయువు వంటి ఇంధనాలతో పనిలేనిది 2025లో సగానికి చేరింది. కానీ నిజంగా ఉత్పత్తి అయ్యే కరెంటులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గుదే. మధ్యాహ్నపు ఎండ వ్యవసాయ మోటార్లకు సరిపోతుంది. చిక్కంతా ఇంటింటా దీపాలు, ఫ్యాన్లు వేసుకునే సాయంత్రంతోనే. అందుకే మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, చీకటి పడ్డాక కిందికి వదిలి విద్యుత్ తీసే పథకాలను పాత విజయనగరం జిల్లాలోని సాలూరు కొండల్లో, కురుకుట్టి, కర్రివలస వద్ద ప్రతిపాదించారు. సాంకేతికంగా చూస్తే బొగ్గుకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. అయితే ఆ గిరిజన గ్రామాలవారు కూడా తమ భూములు, వాగులు ఏమవుతాయని అడుగుతున్నారు, అభ్యంతరం చెబుతున్నారు. బీల గట్టు మీది పెద్దాయన మాట విన్నాక, జలాశయాల లోతు, టర్బైన్ల సామర్థ్యం కన్నా ముందు ఆ గ్రామసభలలో ఎవరు ఏమన్నారో చదవాలనిపించింది. ఈసారి ప్రయాణం సాలూరుకే.