కోజికోడ్‌లో హోమ్‌కేర్ జీపు వెంట

చెన్నైలో రాత్రి మంగళూరు మెయిల్ ఎక్కితే పొద్దున్నకల్లా కేరళలోని కోజికోడ్. అక్కడి మెడికల్ కాలేజీలోనే 1993లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. పాలియేటివ్ కేర్ అంటే నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ. అంతకు ముందే, 1986లో, ముంబైలో శాంతి అవేదనా సదన్ దేశంలో మొదటి హాస్పిస్‌గా, అంటే చివరి దశ రోగుల్ని ఉంచి చూసుకునే చోటుగా, వచ్చింది. కానీ మంచాలు పెంచుకుంటూ పోతే ఎంతమందికని సరిపోతాయి? కోజికోడ్ వాళ్లు రోగి గడపకే నడిచారు. నాకు చూడాలనిపించింది ఆ నడకే.

జీపులో నర్సు, డ్రైవరు, ఇద్దరు ఊరి వాలంటీర్లు. సంచీలో బీపీ మిషన్, గాజ్ (పుండ్లకి కట్టే పల్చటి గుడ్డ), గ్లౌజులు, యూరిన్ గొట్టాలు, జెల్లీ. మొదటి ఇంట్లో దవడ క్యాన్సర్ పుండు. గుమ్మంలోనే వాసన తెలిసింది. ఆ వాసనకి మందు చవకే: మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి పుండు మీద చల్లడం. అంటుకుపోయిన కట్టుని పొడిగా లాగితే రక్తం వస్తుంది కాబట్టి అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపి, దాంతో బాగా నానబెట్టాకే తీసింది నర్సు. ఆ నీళ్లు, కొత్త కట్టు గుడ్డ, రెండూ ఇంట్లో తయారైనవే. పాత పంచె ఉతికి, ముక్కలు చేసి, డబ్బాలో పెట్టి కుక్కర్‌లో ఆవిరి పట్టించారట.

అసలు గొడవంతా మార్ఫిన్ దగ్గరే, నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు అది. 10 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు గంటలకొకటి: ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదికి రెండు కలిపి వేస్తే మధ్యలో లేవక్కర్లేదు. ఆ ఇంట్లో నొప్పి వచ్చినప్పుడే వేస్తున్నారు. అందుకే నొప్పి ఎప్పుడూ ముందే ఉంటోంది. మార్ఫిన్‌తో వచ్చే మలబద్ధకానికి ఇచ్చిన మందు కూడా మానేశారు. నాలుగు రోజులు కడుపు కదలకపోతే రోగి మార్ఫిన్‌నే వద్దంటాడు, తప్పు మందు మీద పడుతుంది. మొదటి రోజుల్లో వాంతి మామూలే, దానికి వేరే మాత్ర ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మాత్రం మందు ఒంట్లో పేరుకుని మత్తు ముదురుతుంది, డోసు తగ్గించాలి, మధ్య గడువు పెంచాలి.

ప్రపంచానికి నల్లమందు అమ్మే దేశంలో ఈ మాత్ర దొరక్కపోవడం విడ్డూరం కాదూ! 1985 మాదకద్రవ్యాల చట్టం తర్వాత రాష్ట్రానికో రూలు, ఆస్పత్రికి నాలుగైదు లైసెన్సులు. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకోదాని గడువు తీరేది. 2014 సవరణతో ఒకే అనుమతి సరిపోతోంది. మన వైపు హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, స్పర్శ్ హాస్పిస్ ఉన్నాయి. కేరళలో 2008 పాలసీ వచ్చాక పాలియేటివ్ కేర్ పంచాయతీల పని కూడా అయింది. మనకి తక్కువైనది ఆ అంచె.

చివరి ఇంట్లో యూరిన్ గొట్టం మార్పు. లోపలి బెలూన్‌లోకి నర్సు డిస్టిల్డ్ వాటరే ఎక్కించింది. సెలైన్ అయితే ఉప్పు గడ్డకట్టి, తీసేటప్పుడు బెలూన్ ఖాళీ కాక మొండికేస్తుందట. యూరిన్ సంచీని మంచం కోడుకి, పొత్తికడుపు కంటే కిందికి కట్టి, మళ్లీ మార్చాల్సిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసింది. రోగి కోడలు ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, మాకు కట్టన్ చాయ (పాలు లేని టీ) తెచ్చింది.