కంపెనీ పిస్తోలు కొనేముందు లాక్‌ను చదవండి

పాత సైనిక పిస్తోళ్లు సేకరించాలనుకునేవాళ్లు ముందు ఒక్క రకాన్ని పట్టుకుని దాని లోతు చూడటం మంచిది. మన దగ్గర మొదలుపెట్టేవాళ్లకు ఈస్టిండియా కంపెనీ అశ్వికదళ పిస్తోలును మించింది లేదు. సాధారణంగా 9 అంగుళాల బారెల్, లోపల 0.65 అంగుళాల వెడల్పున్న నాళం, ఇత్తడి అమరికలు ఉంటాయి. మందు దట్టించే కడ్డీని బారెల్ మూతి దగ్గర తిరిగే బందుతో కట్టేసి ఉంచారు. గుర్రం మీద ఉన్న రౌతు చేతిలోంచి అది జారిపడితే రెండో గుండు దట్టించే దారి ఉండదు మరి. కొనే ఆలోచన కంటే ముందు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో, చెన్నై సెయింట్ జార్జ్ కోట మ్యూజియంలో ఉన్న పాత ఆయుధాలను తీరిగ్గా చూసి రండి. అసలు లోహపు రంగు కంటికి అలవాటు కావాలి.

పిస్తోలు చేతికి రాగానే, ధర మాట ఎత్తకముందే, అది దట్టించి ఉందేమో తేల్చుకోండి. పొడిగా ఉన్న నల్లమందు ఎన్నేళ్లయినా చావదు. మూతిని మనుషులు లేని వైపు ఉంచి, సన్నటి గుండ్రటి చెక్కపుల్లను బారెల్‌లోకి ఆగేదాకా మెల్లగా దించండి. మూతి అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, పుల్లను బయటకు తీసి బారెల్ పక్కన అదే గీత మూతికి సరిపోయేలా ఆనించండి. పుల్ల కొస, బారెల్ పక్కన మందుకు నిప్పు అందించే నిప్పు రంధ్రం దాకా రావాలి. అంగుళం ముందే ఆగిపోతే లోపల గుండో, మందో, చెత్తో ఉన్నట్టే. సుత్తితో కొట్టొద్దు, వేడి చేయొద్దు. లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారుకు అప్పగించండి.

ఇక అసలు చదువంతా లాక్ ప్లేట్ మీదే, అంటే పిస్తోలును పేల్చే యంత్రాంగం (లాక్) బిగించిన పక్క రేకు మీదే ఉంటుంది. కంపెనీ పాత ముద్ర హృదయాకారంలో ఉంటుంది. దాని గడుల్లో వీ, ఈ, ఐ, సీ అక్షరాలు, నెత్తిన 4 అంకె. 1808 ప్రాంతంలో దాని స్థానంలోకి కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం వచ్చింది. కాబట్టి హృదయం ముద్ర పక్కన 1840ల సంవత్సరం కనిపిస్తే ఆ ప్లేట్ అబద్ధమాడుతోంది. కంపెనీ పాలన 1858లో ముగిసింది, ఆ తర్వాతి తేదీతో సింహం ముద్ర కనిపించినా అంతే. ‘టవర్’ అన్న మాట, విడిగా ఉండే కిరీటం బ్రిటిష్ ప్రభుత్వ ఆయుధాల గుర్తులు. కంపెనీ సింహంతో కలిసి ఒకే ప్లేట్ మీద ఇవన్నీ ఉంటే పర్యాటకుల కోసం చేసిన సరుకేమోనని గట్టిగా అనుమానించండి. తర్వాత బారెల్ వెనక భాగం చూడండి. బారెళ్లను పేల్చి పరీక్షించి ముద్ర వేసే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ పుట్టిందే 1813లో. 1805 తేదీ ఉన్న లాక్‌తో పాటు బారెల్ మీద దాని బీపీసీ ముద్ర ఉంటే ఆ రెండూ మొదటినుంచీ ఒక జంట కావు.

చెకుముకి రాయితో పేలేవాటిలో చాలా పిస్తోళ్లను తర్వాతి కాలంలో క్యాప్ పద్ధతికి, అంటే రాయి బదులు దెబ్బకు పేలే చిన్న లోహపు టోపీతో నిప్పు పుట్టించే పద్ధతికి మార్చారు. రాతి లాక్‌కు ఎక్కువ ధర పలుకుతుందని ఈమధ్య కొందరు వాటిని మళ్లీ వెనక్కి మారుస్తున్నారు. దీన్ని పట్టుకోవాలంటే భూతద్దం చాలు. మందు పోసే చిన్న గిన్నె, దాని మూత స్ప్రింగు బిగించే చోట పూడ్చిన మరల రంధ్రాలు, చుట్టూ రంగు తేడా కనిపిస్తాయి. నిజంగా వాడిన రాతి లాక్‌లో నిప్పు రంధ్రం చుట్టూ మందు కాలి ఏర్పడ్డ చిన్నచిన్న గుంటలు ఉంటాయి. గిన్నె కొత్త పదునుతో ఉండి రంధ్రం మాత్రం అరిగిపోయి ఉంటే ఆ రెండు భాగాల వయసు వేరు. మార్చిన సంగతి అమ్మేవాడు చెప్పి, ధర తగ్గించి ఇస్తే తీసుకోవచ్చు. దాచి అమ్మితే మాత్రం అది మోసమే.

లాక్ విప్పి లోపల చూడాలంటే గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి. వదులుగా ఉన్నది జారి గాడి అంచుల్ని తినేస్తుంది, ఆ గాయం ఎప్పటికీ మానదు. కాక్‌ను (చెకుముకి రాయిని పట్టుకునే సుత్తిని) సగం ఎత్తులో ఆపి, ఎదురుపక్కనున్న రెండు మరల్నీ నాలుగైదు చుట్లు వదులు చేసి, వాటి తలల మీద చెక్కతో మెల్లగా తడితే లాక్ తనంతట తనే పైకి లేస్తుంది. వేళ్లతో పెకిలిస్తే కట్టె అంచు చిట్లుతుంది. మరల మీద, లాక్ లోపలి వైపు ఒకే రకమైన ఆకురాయి గీతలు కనిపిస్తే సంతోషించండి. ఏ మర ఏ పిస్తోలుదో కలిసిపోకుండా పనివాళ్లు పెట్టుకున్న గుర్తులవి. మెయిన్ స్ప్రింగు మాత్రం బిగింపు పరికరం లేకుండా ముట్టుకోవద్దు.

శుభ్రం చేయడంలో అతి పనికిరాదు. గరుకు కాగితం, ఇత్తడి పాలిష్, తిరిగే తీగ బ్రష్ ఏవీ వద్దు. ఇవి ముద్రల్ని అరగదీస్తాయి, నిజం చెప్పే ఆధారాలే పోతాయి. ఎర్ర తుప్పు ఉంటే నాలుగు సున్నాల (0000) నంబరు ఉక్కు ఊలును పలచటి నూనెలో తడిపి మెల్లగా రుద్దండి. నల్లగా గట్టిపడ్డ పాత పొరను వదిలేయండి. చివర్లో మైక్రోక్రిస్టలిన్ మైనం పలచగా పట్టిస్తే సరి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో తోలు ఒరలో ఉంచొద్దు. తోలు తేమ పీల్చుకుంటుంది, దాన్ని ఊనబెట్టిన రసాయనాలు లోహాన్ని తింటాయి.

చట్టం విషయం కొనకముందే తేల్చుకోవాలి. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది గానీ, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్నవాటికే. లాక్ చక్కగా పనిచేసే పిస్తోలు పాతదైనంత మాత్రాన ఆ మినహాయింపులోకి రాదు. జిల్లా లైసెన్సింగ్ అధికారి నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. వందేళ్లు దాటిన వస్తువుకు 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది, దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం 1898 వరకూ తయారైనవి పురాతన వస్తువులే, కానీ రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉంటాయి. ఎక్కడున్నా రసీదు, లాక్ లోపలి ఫొటోలు, ముద్రల దగ్గరి ఫొటోలు ఒకే ఫైల్లో పెట్టి, పిస్తోలు అమ్మినప్పుడు ఆ ఫైలునూ కొన్నవాళ్లకే ఇవ్వండి.