నీలి టిక్కులూ, ఒక అలారం గడియారమూ

పొద్దున ఏడున్నరకే చిన్నమ్మ ఫోన్. "ఆరున్నరకు పెట్టిన మెసేజి నువ్వు ఏడూ పదికి చూసినావు. చూసి గూడా ఒక దండం బొమ్మన్నా పెట్టలేదేమ్మా?"

మెసేజి చదివినామని అవతలివాళ్లకు చూపించే ఆ వాట్సాప్ నీలి టిక్కులు నేను తీసేసి వారమయింది. ఆ ధీమాతోనే, "నేను చూసినట్టు నీకెట్ల తెలిసింది చిన్నమ్మా?" అన్నా. "గ్రూపులో నీ మెసేజి మీద వేలు పెట్టి నొక్కి పట్టుకో. పైన మూడు చుక్కల్లో ఇన్ఫో అని ఉంటాది. ఎవురు చదివినారో, ఎన్ని గంటలకు చదివినారో అన్నీ అందులో ఉంటాయి," అనింది. పలమనేరులో కూర్చుని అరవై ఎనిమిదేళ్ల మనిషి నాకు పాఠం చెప్పింది. రోజంతా అదే నములుతా ఉన్నా. పదకొండు దాటినా నిద్ర రాక ఇది రాస్తున్నా.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. సెట్టింగ్స్‌లో ప్రైవసీకి పోయి రీడ్ రిసీట్స్ ఆపేస్తే, ఒకరికొకరం పెట్టుకునే మెసేజిలకు మాత్రమే ఆగుతాది. గ్రూపులకు ఆగదు. వాయిస్ మెసేజి విన్నామని అవతలికి తెలిసేది కూడా ఆగదు. పైగా మనం ఆపితే అవతలివాళ్లవి మనకూ కనపడవు. అంటే ఎవరి పోరు పడలేక తీసేసినానో వాళ్లకు అన్నీ కనపడతానే ఉన్నాయి. చిన్నోడు ట్యూషన్‌కు చేరి నా మెసేజి చూసినాడో లేదో మాత్రం నాకు తెలీకుండా పోయింది. మంచి బేరమే. 2014 నవంబర్లో ఆ నీలి రంగు వచ్చేదాకా "ఇంకా చూళ్లేదు" అనే మాటకు రవ్వంత మర్యాద ఉండేది.

మన ఇంటి గ్రూపుల సంగతి మీకు కొత్త కాదు. గులాబీ పువ్వు మీద శుభోదయం, కాఫీ కప్పు మీద శుభోదయం, శనివారమయితే స్వామి ఫోటో మీద శుభోదయం. పువ్వులు ఎన్నయినా చెరిపేయొచ్చు. స్వామి ఫోటో దగ్గరకొచ్చేసరికి అత్తమ్మ చెయ్యి ఆగిపోతాది. "దేవుణ్ణి డిలీట్ చేస్తారా ఎవరన్నా?" అంటుంది. అందుకని ఆమె ఫోన్లో ఏడుకొండలవాడు ఏడు వందల రూపాల్లో ఉంటాడు, ఫోన్ మాత్రం నెలకోసారి నిండిపోయిందని ఏడుస్తాది. చెరిపే పాపం మనకెందుకని రాకుండానే ఆపినా. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో ఆటో డౌన్‌లోడ్ కింద మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడు వరసలూ ఉంటాయి. మూడింట్లోనూ టిక్కులు తీసెయ్యాల. చాలామంది మొబైల్ డేటా ఒక్కటి తీసి ఊరుకుంటారు, ఇంటికొచ్చి వైఫై తగలగానే అన్నీ ఒక్కసారిగా దిగిపోతాయి. తర్వాత చాట్స్‌లో మీడియా విజిబిలిటీ ఆపేస్తే వచ్చినవి గ్యాలరీలోకి చేరవు. పాతవాటికి మేనేజ్ స్టోరేజ్ అని ఉంది. 5 ఎంబీ దాటినవి ఒకచోట, చేతులు మారీ మారీ వచ్చినవి ఇంకోచోట పేర్చి చూపిస్తాది. అత్తమ్మ వీడియోలు తీసేసి ఫోటోలు ఉంచుకునింది. అక్కడికి రాజీ.

ఇన్ని చెప్పినా గానీ, నా అసలు చిరాకు ఈ సెట్టింగ్స్ మీదే. ప్రతిదానికీ గోడ కట్టిస్తారు, ఆ గోడకు వాళ్లే తలుపు పెడతారు. ఆండ్రాయిడ్‌లో ఫోన్ వాడకాన్ని లెక్కగట్టే డిజిటల్ వెల్‌బీయింగ్ 2018లో వచ్చింది. డాష్‌బోర్డ్‌లో ఇన్‌స్టాగ్రామ్‌కు రోజుకు 30 నిమిషాలని టైమర్ పెట్టినా. టైమ్ అయిపోతే యాప్ బొమ్మ బూడిద రంగుకు తిరిగి, నేటికి చాలు అంటుంది. తీరా చూస్తే అదే పేజీలోకి పోయి, పెట్టిన చేత్తోనే టైమర్ తీసెయ్యొచ్చు. పిన్ను అడగదు, కారణం అడగదు. అదే ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్‌కు పాస్‌కోడ్ పెట్టి, ఆ నంబరు ఇంట్లో ఇంకొకరి దగ్గర దాచిపెట్టొచ్చు. ఆండ్రాయిడ్‌లో పిల్లల ఫోన్‌కయితే ఫ్యామిలీ లింక్ ఉంది, పెద్దల ఫోన్‌కు మన బుద్ధే దిక్కు. ఇంకో చిల్లు ఏమంటే ఆ టైమర్ అర్ధరాత్రి 12కు మళ్లా మొదలవుతాది. పదకొండున్నరకు అయిపోతే "ఇంకో అరగంటే గదా" అని కూర్చున్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. పేరు చెప్పను, చొక్కా జేబు మాత్రం ఫోన్ బరువుకు సాగిపోయి ఉంటాది.

ఫోన్ తెరకు రంగులు తీసేసి నలుపు తెలుపు చేసే ఉపాయం కొంత నయం. ఎర్ర చుక్క ఎర్రగా కనపడకపోతే వేలు అంత తొందరపడదు. కానీ పగలంతా నలుపు తెలుపులో పెట్టుకున్నవాళ్లు మూడో రోజుకే విసిగి తీసేస్తారు. చీర ఫోటో చూడాలన్నా, దబ్బపండు మాగిందో లేదో ఫోటోలో చూసి చెప్పాలన్నా పనికిరాదు. దాన్ని డిజిటల్ వెల్‌బీయింగ్‌లోనే ఉండే బెడ్‌టైమ్ మోడ్‌కు కట్టేసి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా దానంతటదే వచ్చేటట్టు పెట్టుకుంటే నిలుస్తాది. యూట్యూబ్‌లో ఇంకా గట్టి మందు ఉంది. చూసినవాటి చరిత్ర మొత్తం చెరిపేసి, వాచ్ హిస్టరీ ఆపేస్తే మొదటి పేజీ ఖాళీగా తెరుచుకుంటాది. 2023 ఆగస్టు నుంచీ అంతే. కావాల్సింది వెతుక్కుని చూసుకోవచ్చు, మనం చేరిన చానెళ్లు వాటి చోట అవి ఉంటాయి. ఊరిబిండి ఎట్ల నూరాలో చూద్దామని పోయి, రొయ్యల చెరువుల దగ్గర తేలేది మాత్రం తగ్గుతాది. ఆటోప్లే కూడా తీసెయ్యండి, అది తియ్యకపోతే సగం పనే.

కిందికి లాగేకొద్దీ వస్తానే ఉండే ఆ పేజీ ఉంది చూడండి, దాన్ని 2006లో తయారుచేసిన ఆజా రాస్కిన్ అనే ఆయనే తర్వాత బాధపడినాడు. పేపరుకు చివరి పేజీ ఉంటాది, గంగమ్మ జాతరకు కూడా ఆఖరి రోజుంటాది. దీనికి అడుగు లేదు. అడుగుంటే గదా చాలనుకునేది.

వీటన్నిటికంటే నాకు పనిచేసింది అలారం గడియారం. గాంధీ రోడ్డులో కొన్నా, బ్యాటరీ సెల్లుతో నడిచేది. ఫోన్ దిండు కిందికి ఎందుకు చేరిందయ్యా అంటే అలారం కోసమే గదా. అలారం ఆపేదానికి ఫోన్ పట్టుకుంటాం, పట్టుకున్న చెయ్యి వాట్సాప్ తెరుస్తాది, అక్కడ గులాబీ పువ్వు మనకోసం కాచుకుని ఉంటాది. టైమ్ చూసేదానికని, లెక్క కూడేదానికని, టార్చికని, ఒక్కో చిన్న పనీ ఒక్కో వాకిలి. వాకిళ్లు మూసుకుంటా వస్తే సగం అదే తగ్గుతాది. చేతికి పాత వాచీ, అరల గూట్లో చిన్న టార్చి, ఫ్రిజ్ మీద సరుకుల చీటీ. అంతే.

గడియారం కొనేవాళ్లకు ఒక మాట. అలారం ముల్లు 12 గంటలకే ఉంటాది, 24కు కాదు. పొద్దున 5కు పెట్టి మధ్యాహ్నం 3కే బటన్ పైకి లేపితే సాయంత్రం 5కే మోగుతాది. పడుకునే ముందే లేపాల. ఆ ముల్లు పొట్టిది, అయిదూ పది నిమిషాలు అటూ ఇటూ అవుతాది, అందుకని రవ్వంత ముందుకు పెట్టుకోండి. టిక్కు టిక్కుమనే ముల్లు పక్కన నిద్ర రాదు, జారినట్టు తిరిగే ముల్లుదే అడగండి. నేను అడగలా. చవక సెల్లు వేసి మరిచిపోతే కారి లోపల రేకులు పాడవుతాయి.

రాత్రి ఫోన్ హాల్లో ఉంటే అర్జెంటు ఫోన్ ఎట్లా అని మా ఆయన వారం కొట్లాడినాడు. ఫోన్ మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్‌లో, కాంటాక్ట్స్‌లో మనం నక్షత్రం గుర్తు పెట్టినవాళ్ల ఫోన్లు మాత్రం మోగేటట్టు పెట్టొచ్చు. రిపీట్ కాలర్స్ అని ఇంకొకటుంది. అదే మనిషి 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే ఎవరయినా సరే మోగుతాది. నిజంగా అవసరమున్నవాళ్లు రెండోసారి చెయ్యకుండా ఉండరు. గట్టిగా మోగేటట్టు శబ్దం పెంచి పెట్టండి, లేకుంటే హాల్లో నుంచి వినపడదు.

ఇందాకట్నుంచీ మనసు కొండ మీదికి పోతా ఉంది. చిన్నోడు ఏడో తరగతి సెలవుల్లో సర్వదర్శనానికి పోయినప్పటి రోజు. ఫోన్లు కౌంటర్లో ఇచ్చేసి చీటీ కొంగున ముడేసుకుని వైకుంఠం కంపార్ట్‌మెంట్లో కూర్చున్నాం. మొదటి గంటలో మా ఆయన ఖాళీ జేబు తడుముకున్నది లెక్కపెట్టినా. పదకొండు సార్లు. నా చెయ్యీ తక్కువేం తినలా. టైమెంతయిందో ఎవరికీ తెలీదు, పాలు పోసే శ్రీవారి సేవకులను అడగడమే. చిన్నోడు మొదటి ముప్పావు గంట కాళ్లు నేలకేసి కొడతానే ఉన్నాడు. తర్వాత వేలూరు నుంచి వచ్చిన ఒక పిల్లోడితో చేతి వేళ్ల క్రికెట్ మొదలుపెట్టినాడు. వాడికి తెలుగు రాదు, వీడికి అరవం రాదు. ఇద్దరూ వేళ్లు చూపిస్తారు, ఒకే అంకె వస్తే అవుటు. రెండు వందల పధ్నాలుగు పరుగులు తీసినాడంట. శ్రీకాకుళం ఆమె ఒకామె మా అత్తమ్మ మోకాలి నొప్పికి ఏం పట్టు వెయ్యాలో చెప్పింది. వాళ్లాయన బస్సులో వాంతులు చేసుకున్న కథ మొత్తం చెప్పింది, మేం అడక్కపోయినా. ఉప్మా వచ్చింది. పిల్లోడు నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు, మళ్లీ ఎప్పుడూ అట్ల పడుకోలేదు. తొమ్మిది గంటలు. బయటికొచ్చి ఫోన్ తెరిస్తే 60 మెసేజిలు, వాటిలో జవాబు కావాల్సింది గ్యాస్ బండ అబ్బాయిది ఒక్కటే.

ఇది చెప్పి, "కాబట్టి ఫోన్ అవతల పారెయ్యండి" అందామనే మొదలుపెట్టినా. ఇప్పుడు అట్ల అనిపించడంలేదు. అక్కడ పనిచేసింది మా నిగ్రహం కాదు. ఆ గదిలో ఒక్కరి చేతిలో కూడా ఫోన్ లేదు, అందుకని ఎవరికీ ఏదీ తప్పిపోతా ఉందన్న గుబులు లేదు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్‌లో సాయంత్రం 7కు గుడి మీది సైరన్ మోగుతాది, గంటన్నర ఊరంతా టీవీలూ ఫోన్లూ కట్టేస్తారు. 2022 నుంచి. ఒక్క ఇంట్లో ఒక్క మనిషి కట్టేస్తే అది నోము. ఊరంతా కట్టేస్తే అది పొద్దుగూకినట్టు.

దర్శనం టికెట్లు వదిలిన పూట ఇదే ఫోన్ పట్టుకుని, ఓటీపీ కోసం గుండె చేత్తో పట్టుకుని కూర్చునేదీ మేమే గదా. పూలామె దగ్గర మూరకు స్కాన్ చేసేదీ దీంతోనే. దీన్ని పారేసేదేముంది.

అన్ని నొటిఫికేషన్లూ ఒక్కసారిగా ఆపి చూసినా, అది ఇంకా పాడు. ఎవరేమన్నారో అని పది నిమిషాలకోసారి నేనే పోయి తెరిచి చూసినా. 2019లో 237 మంది మీద రెండు వారాలు చేసిన పరిశోధనలోనూ ఇదే తేలింది. మొత్తం ఆపేసినవాళ్లకు గుబులు పెరిగింది, రోజుకు మూడుసార్లు మూటగా అందుకున్నవాళ్లకు మనసు నిమ్మళమయింది. ఐఫోన్‌లో దీనికి షెడ్యూల్డ్ సమ్మరీ అని 2021 నుంచే ఉంది. నా ఫోన్‌లో లేదు, అందుకని ఇంకమీదట వాట్సాప్ చప్పుడు ఆపేసి 8కీ, 1కీ, 7కీ నేనే తెరుస్తా. స్కూలు గ్రూపు హోంవర్కు 7 గంటల చూపులోనే కాగితం మీద రాసేస్తే, తర్వాత "అమ్మా, హోంవర్కు చూడాల" అనే వాకిలి కూడా మూతపడుతుంది. చదువూ తిండీ నిద్రా మూడూ చెడేంత దూరం పోయిన పిల్లలకు మాత్రం ఈ చిట్కాలు చాలవు. బెంగళూరులో మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ ఆస్పత్రిలో ఫోన్ వ్యసనానికని 2014 నుంచీ షట్ క్లినిక్ ఉంది, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇక చిన్నమ్మ. ఆమెకు కంపార్ట్‌మెంట్ లేదు. చిన్నాయన పోయినాక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. పొద్దున ఆరున్నరకు పువ్వు పెట్టి, ఏడింటికి ఇన్ఫో తెరిచి, ఎవురెవురు లేచినారో చూసుకుంటా ఉంది. అది శుభోదయం కాదు, హాజరు. ఇది నాకు సాయంత్రం అంట్లు తోముకుంటా ఉండగా తట్టింది, పొద్దున అంత కసురుకున్నాక. మధ్యాహ్నం గ్రూపును ఆర్కైవ్‌లో పడేసినా గూడా, దాన్ని బయటికి తీసినా. టిక్కులు కూడా మళ్లా పెట్టినా.

రాత్రి ఎనిమిదికి నేనే ఫోన్ చేసినా. "నా దండం బొమ్మ ఇంకమీదట ఎనిమిదికి వస్తాది చిన్నమ్మా, ఏడుకు చూడొద్దు," అన్నా. "రాకపోతే?" అనింది. "రాకపోతే ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యి, రెండోసారి కచ్చితంగా మోగుతాది." గమ్మున ఉండి, "అదెట్ల పెట్టుకునేదో నాకూ చెప్పు," అనింది. నక్షత్రం ఎక్కడ నొక్కాలో చెప్పేసరికి ఇరవై నిమిషాలయింది. ఫోన్లోనే.

గడియారం హాల్లో పెట్టినా టిక్కుటిక్కు ఇక్కడిదాకా వినపడతానే ఉంది. రేపు దాని కింద పాత తువ్వాల మడిచి పెట్టాల. బటన్ పైకి లేపినానో లేదో, లేచి పోయి చూసి రావాల.